పాత పాట, రాక్ బ్యాండ్, మధ్యలో మేష్టారు: ఎవరి శ్రుతికి ఎవరు రావాలి?

క్లుప్తంగా

రాక్ బ్యాండ్ ఒకటి పాత పాటని తీసుకుని, ఊళ్ళో పెద్ద విద్వాంసుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చేస్తే అది నిలుస్తుందా లేదా అన్నది గిటారు మోత మీద ఆధారపడదు. శ్రుతి (పాట నిలబడే ఆధార స్వరం) ఎవరిది, నడక (తాళం సాగే తీరు) ఎవరిది, ముందు రికార్డ్ అయింది ట్రాకా లేక ఆయన వాయిద్యమా, ఈ మూడూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మిగతా తగాదాలు హక్కులవి, డబ్బువి. వాటిలో సగం ముందే ఓ కాగితం రాసుకుంటే పుట్టవు.

ప్రతిసారీ అదే తగాదా

కాకినాడలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మొదలైన బ్యాండ్ ఓ పాత పాట ఎత్తుకుంటుంది. గరగరలాడే డిస్టార్షన్ గిటారు, బేస్, డ్రమ్స్. మధ్యలో పట్టుపంచె కట్టుకున్న నాదస్వర విద్వాంసుడో, వీణ మేష్టారో, పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించి తలపండిన పెద్దాయనో ఉంటారు. వీడియో వచ్చిన మర్నాటికి రెండు వర్గాలు తయారు. పాటని ఖూనీ చేశారని ఒకరంటారు, ఈ తరం చెవికి ఎక్కించారని ఇంకొకరంటారు. ఇద్దరూ మాట్లాడేది అభిరుచి గురించి కాబట్టి ఎంత సాగినా అది తేలే వాదన కాదు. పాట లోపల ఏం మారింది, ఎందుకు మారింది అన్నది మాత్రం విని చెప్పగలిగిన సంగతి.

ముందు ఒకటి తేల్చుకోవాలి. పాత పాటలన్నీ ఒక్క రకం కావు. త్యాగరాజు 1847లో పోయారు, గ్రామఫోన్ అప్పటికింకా పుట్టలేదు. కాబట్టి ఆయన కీర్తనకి ఫలానాదే అసలు రికార్డింగ్ అని చూపించడానికి ఏమీ లేదు, గురువు నుంచి శిష్యుడికి పాఠాంతరంగా వచ్చిందే అసలు, ఒక్కో బాణీలో సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు) ఒక్కోలా ఉంటాయి. జానపదానికి ఊరు మారితే చరణమే మారిపోతుంది. సినిమా పాట అలా కాదు, అది ఒకే ఒక్క రికార్డింగ్‌గా పుట్టింది, ఆ రికార్డే రేడియోలో, పెళ్ళిపందిట్లో, రామనవమి పందిట్లో మైకుసెట్టు మీద వేలసార్లు మోగింది, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా విన్నవాళ్ళకి కంఠతా వచ్చు. అందుకే కీర్తనని రాక్‌లో వాయిస్తే 'రాగం చెడింది' అంటారు, సినిమా పాటని వాయిస్తే 'ఆ వయొలిన్ బిట్ ఏది?' అంటారు. ఇవి రెండు వేరువేరు ఫిర్యాదులు. రెంటికీ ఒకే జవాబు చెప్పబోతేనే గందరగోళం.

ఇంకో తేడా కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. పాత పాటల్లో ఆలాపన అంత పొట్టిగా, బిట్లు అంత బిగువుగా ఉండటానికి రసజ్ఞత ఒక్కటే కారణం కాదు, ఆ పళ్ళెం సైజు కూడా కారణం. ఇప్పుడు ఆ హద్దు లేదు. అయినా చాలా బ్యాండ్లు పెద్దాయనకి మొదట్లో ఇరవై సెకన్లు, మధ్యలో ఇరవై సెకన్లు ఇచ్చి సరిపెడుతున్నాయి. చోటు లేక కాదు, ఆయన్ని అలంకారంగా పిలిచారు కాబట్టి.

డెల్టాకి కరెంటు వాయిద్యం కొత్త కాదు

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి మాండలిన్‌నే పట్టుకుని మొదలుపెట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. అప్పటికి మాండలిన్ అంటే సినిమా ఆర్కెస్ట్రాలో కూర్చునే పాశ్చాత్య వాయిద్యం. దాని తీగ మీటితే శబ్దం ఇట్టే ఆగిపోతుంది, నాలుగు జంటల తీగలు కాబట్టి లాగి గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలికించడమూ కష్టమే. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, చివరికి ఐదు తీగల దగ్గర స్థిరపడ్డారు, వాయిద్యం ఎలక్ట్రిక్ కావడంతో స్వరం నిలబడింది, నిలబడ్డ స్వరం మీద గమకం వేయడం కుదిరింది. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేమిటని మొదట్లో ముఖం చిట్లించినవాళ్ళే తర్వాత ఆ కచేరీలకి ముందు వరసలో కూర్చున్నారు. 1995లో ఆయన మైకేల్ బ్రూక్ అనే గిటారిస్టుతో కలిసి ఆల్బం చేశారు, ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు. కరెంటు గిటారు పక్కన పాలకొల్లు విద్వాంసుడు కూర్చోవడం అనేది పాతికేళ్ళ క్రితమే అయిపోయిన ముచ్చట.

హార్మోనియం కథ దీనికి సరిగ్గా ఎదురు నడిచింది. గోదావరి జిల్లాల్లో పద్యనాటకానికి హార్మోనియం లేకపోతే తెరే లేవదు. అదే హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. ఆ మెట్లు బిగించి ఉంటాయి, స్వరానికీ స్వరానికీ మధ్య జారడం కుదరదు, గమకం పలకదు అన్నది ప్రధానమైన అభ్యంతరం. ఇవాళ కీబోర్డు మీద, గిటారు కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుత్తుల) మీద వినిపించే ఫిర్యాదు కూడా అక్షరాలా ఇదే. వాయిద్యం ఎక్కడిదన్న దాని మీద జనం ఎక్కువ కాలం పట్టుబట్టరు, వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందే కదా. అది గమకానికి ఒంగుతుందా లేదా అన్నదాని మీద మాత్రం ఎప్పటికీ పట్టుబడతారు.

సగం గొడవ శ్రుతి దగ్గరే

మన లెక్కలో ఒకటి శ్రుతి అంటే పాశ్చాత్యుల సి, రెండు అంటే డి, రెండున్నర డి-షార్ప్, నాలుగు ఎఫ్, ఐదు జి. రాక్ గిటారుకి సుఖమైనవి ఇ, ఎ, ఎందుకంటే గిటారు తీగల్లో అన్నిటికన్నా లావు తీగ ఇ, దాని పక్కది ఎ. ఆ తీగలు వేలు పెట్టకుండా ఖాళీగా మోగితేనే ఆ గర్జన వస్తుంది. పొడుగు నాదస్వరం ఎక్కువగా రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది. చెక్కలో బెజ్జాలు వేసేశాక దాని శ్రుతి మార్చడం వాయించేవాడి చేతిలో లేదు, పెదవి బిగించి, ఊపిరి మార్చి కొద్దిగా అటూ ఇటూ జరపగలడు, అంతే. వీణకి కాస్త వెసులుబాటు ఉన్నా మైనంలో కూర్చున్న మెట్లు, తీగల బిగువు ఒక హద్దు దాటి ఒప్పుకోవు. అరవై దాటిన గొంతు సంగతి వేరే చెప్పక్కర్లేదు, ముప్ఫయ్యేళ్ళప్పుడు పాడిన శ్రుతిలోనే మళ్ళీ పాడమంటే చరణంలో పైస్థాయికి వెళ్ళేసరికి నరాలు తేలతాయి.

కుర్రాళ్ళు ట్రాక్ 'ఇ'లో కట్టేసి, ఆ తర్వాత 'మేష్టారూ, ఒక్క ముక్క వాయించండి, చాలు' అంటే ఆయన ఏం చేయాలి? తనకి అలవాటు లేని ఇంకో నాదస్వరం వెతుక్కోవాలి, లేదా ఆయన వాయించినదాన్ని కంప్యూటర్‌లో అర మెట్టు పైకి లాగాలి. లాగితే ఆ నాదంలో ఉండే బొంగురు, నాదస్వరం పీకలో (నోట్లో పెట్టుకుని ఊదే ముక్కలో) ఊపిరి ఒరుసుకునే ధ్వని పలచబడిపోతాయి. వినేవాళ్ళు 'ఏదో ప్లాస్టిక్‌లా ఉంది' అంటారు, కారణం ఏమిటో చెప్పలేరు.

విచిత్రం ఏమిటంటే గిటారు దిగి రావడం ఎంతో తేలిక. ఆరు తీగల్నీ అర మెట్టు దించితే లావు తీగ సరిగ్గా రెండున్నర శ్రుతి షడ్జమం (ఆధారంగా నిలిచే 'స') అవుతుంది. ఇది మనవాళ్ళ కోసం చేసే త్యాగమేమీ కాదు, జిమీ హెండ్రిక్స్ నుంచి గన్స్ ఎన్ రోజెస్ దాకా అర మెట్టు దించి వాయించినవాళ్ళు బోలెడంతమంది. రెండు శ్రుతి కావాలంటే ఒక్క లావు తీగని డి కి దించుకుంటే చాలు, హెవీ మెటల్ వాళ్ళకి అది రోజూ ఉండే పనే. కీబోర్డుకైతే ఒక బటన్. వీళ్ళకి నిమిషంలో అయ్యే పనిని, ఆయనకి అసలు కుదరని పనితో సర్దించబోవడం సంగీతపరమైన నిర్ణయం కాదు. ఎవరూ ముందు ఆలోచించలేదు, అంతే.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నాదస్వరం రెండుకీ రెండున్నరకీ నడుమ ఎక్కడో ఉండొచ్చు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని పచ్చలైటు వెలిగేదాకా తీగ తిప్పితే అది కలవదు. శ్రుతి పెట్టెని మేష్టారి షడ్జమానికి పెట్టి, దాన్ని విని గిటారు కలపాలి.

కార్డు వేశాక గాంధారం ఏమైంది?

రాక్ గిటారిస్టు డిస్టార్షన్ పెట్టి పూర్తి మేజర్ కార్డు వేస్తే ధ్వని బురదబురదగా వస్తుంది, అందుకే షడ్జమ పంచమాలు (స, ప) రెండే మీటే పవర్ కార్డు పుట్టింది. గాంధారం (గ) అందులో ఉండదు. మన తంబురాలో మోగేదీ షడ్జమ పంచమాలే. ఈ పోలిక కాకతాళీయమే అనుకున్నా దాని ఫలితం చాలా పెద్దది: పవర్ కార్డు రాగానికి అడ్డు రాదు, గాంధారం కూడా ఉన్న మేజర్, మైనర్ కార్డులు అడ్డొస్తాయి. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉంటేనే అది తోడి. దాని కింద కీబోర్డు మైనర్ కార్డు పట్టి ఉంచితే గాంధారాన్ని మేకు కొట్టి నిలబెట్టినట్టే. శంకరాభరణం లాంటి రాగాల్లో కూడా చిన్న తేడా ఉంటుంది. తంబురా నాదంలోంచి సహజంగా పుట్టే అంతర గాంధారం కన్నా కీబోర్డు గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువ, అర మెట్టుకి నూరు సెంట్లు అనుకుంటే. పంచమం దగ్గర ఆ తేడా రెండు సెంట్లే. అందుకే పవర్ కార్డు మీద వీణ హాయిగా కూర్చుంటుంది, కీబోర్డు ప్యాడ్ మీద గాంధారం పలికినప్పుడల్లా చిన్న ఒరిపిడి వినిపిస్తుంది.

పవర్ కార్డు అన్నిచోట్లా దిక్కని కాదు. హిందోళ రాగంలో పంచమమే లేదు, షడ్జమం మీద పవర్ కార్డు వేయగానే లేని స్వరం వచ్చి చేరుతుంది. పైగా హిందోళాన్ని మధ్యమం (మ) నుంచి లెక్కపెడితే రాక్‌లో అందరూ వాడే మైనర్ పెంటటానిక్ (ఐదు స్వరాల) స్కేలే కనిపిస్తుంది, దాంతో గిటారిస్టు వేళ్ళు అలవాటు కొద్దీ మధ్యమాన్నే ఆధారంగా పట్టేసుకుంటాయి. ఒక్క స్వరమూ తప్పు పడలేదు, అయినా ఆధారం మారిపోయింది, అది హిందోళంలా వినిపించడం మానేసి శుద్ధ ధన్యాసి అనే ఇంకో రాగంలా వినిపిస్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళు దీన్నే గ్రహభేదం అంటారు, కావాలని చేస్తే విద్వత్తు, తెలియక చేస్తే తప్పు. మోహనం, శుద్ధ ధన్యాసి పాటలు రాక్‌లో ఎందుకు తేలిగ్గా కుదిరిపోతాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మొదటిది మేజర్ పెంటటానిక్, రెండోది మైనర్ పెంటటానిక్, గిటారు నేర్చుకునే ప్రతి కుర్రాడూ మొదటి నెలలోనే వాయించేవి.

గిటారు గమకం పలకలేదనడమూ పూర్తిగా నిజం కాదు. 1970ల్లో శక్తి బృందం కోసం మెక్‌లాగ్లిన్ మెట్ల మధ్య చెక్కని గుంటగా చెక్కించిన గిటారు చేయించుకున్నారు, వీణలో లాగినట్టు తీగని లాగడానికి వీలుగా. బ్యాండ్‌లో గిటారిస్టుకి అంత ఓపిక, డబ్బు లేకపోయినా ఫర్వాలేదు, మేష్టారు గమకం వేసే చోట తను కార్డు పట్టుకోకుండా చేయి తీసేస్తే చాలు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మిక్సింగ్ గదిలో ఉంది. గొంతుని సరిచేసే పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌ని అలవాటుగా అన్ని ట్రాకుల మీదా వేసేస్తారు. అది ప్రతి స్వరాన్నీ పన్నెండు మెట్లలో దగ్గరదానికి లాగుతుంది. అరవయ్యేళ్ళ సాధనతో వచ్చిన కంపితం (స్వరం ఊగే గమకం) మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. కుర్ర గాయకుడికి మేలు చేసిన బటనే పెద్దాయన సంగీతాన్ని తుడిచేస్తుంది, అదీ ఆయన లేనప్పుడు.

ఆరు మాత్రల మాట, నాలుగు దెబ్బల డ్రమ్

పాత తెలుగు పాటల్లో తిస్ర నడక (మూడేసి మాత్రల లెక్క) చాలా ఎక్కువ. 'గోదావరి' అన్న మాటనే తీసుకోండి. గో, దా రెండూ గురువులు, వ, రి లఘువులు, మొత్తం ఆరు మాత్రలు. తిస్రంలో అది అరంగుళం అటూ ఇటూ కాకుండా సరిపోతుంది. రాక్ డ్రమ్ సాధారణంగా నాలుగు దెబ్బల లెక్క, రెండు, నాలుగు దెబ్బల మీద స్నేర్ డ్రమ్ పడాలి. ఆరు మాత్రల మాటని ఎనిమిది మాత్రల గదిలోకి తీసుకొస్తే మిగిలిన రెండు మాత్రల్ని ఎక్కడో ఒకచోట సాగదీయాలి. గాయకుడు 'రీ' అని చివర సాగదీస్తే లఘువు గురువైపోయింది, మధ్యలో సాగదీస్తే మాట విరిగింది. 'సాహిత్యం అర్థం కావట్లేదు' అని పెద్దవాళ్ళు అన్నప్పుడు నింద గాయకుడి ఉచ్చారణ మీదకి పోతుంది కానీ చాలాసార్లు ఆ పని డ్రమ్ లూప్ చేసింది. ఆరు దెబ్బల నడక రాక్‌లో లేనిదేమీ కాదు, బ్లూస్‌లో, పవర్ బ్యాలడ్లలో కావలసినంత ఉంది. నాలుగులోకి లాగడం శైలి కోసం కాదు, సాఫ్ట్‌వేర్ తెరవగానే వచ్చేది నాలుగే కాబట్టి.

వేగం తప్పకుండా చెవిలో వినిపించే క్లిక్ సంగతి కూడా ఇలాంటిదే. పాత రోజుల్లో గాయకుడు, వాద్యబృందం అంతా ఒకే గదిలో ఒకేసారి వాయించేవారు, క్లిక్ లేదు, పల్లవిలో ఉన్న వేగం చరణానికి కాస్త ఒదిగి మళ్ళీ అందుకునేది. ఇయర్‌ఫోన్‌లో టిక్కుటిక్కుమంటూ ఉంటే కళ్ళు మూసుకుని వాయించే అలవాటున్న విద్వాంసుడికి అది చెవిలో జోరీగ. ఒక చెవి ఖాళీగా వదిలేయడం, క్లిక్ బదులు మృదంగమో డోలో వినిపించడం లాంటి చిన్న సర్దుబాట్లతో చాలామటుకు తీరిపోతుంది.

డోలు గురించి ఒక మాట. కర్రతో కొట్టే వైపు వచ్చే లావు శబ్దం, డ్రమ్‌కిట్‌లో కాలితో కొట్టే కిక్ శబ్దం ఒకే చోట పడతాయి. రెండూ కలిసి మోగితే రెండూ వినపడవు. సన్నాయి మేళం గట్టి వాయిద్యమే, గుడి ప్రాకారం దాటి వీధి చివరిదాకా వినపడేందుకు పుట్టింది, రాక్‌తో పోటీపడగల శక్తి దానికే ఉంది. వీణకి ఆ శక్తి లేదు, డ్రమ్స్ పక్కన వీణ పెడితే పికప్ (శబ్దాన్ని వాయిద్యం మీదే పట్టి స్పీకరుకి పంపే పరికరం) తప్పనిసరి.

ముందు ఎవరు రికార్డ్ అయ్యారు?

1986లో న్యూయార్క్ ర్యాప్ బృందం రన్-డీఎంసీ, ఏరోస్మిత్ అనే రాక్ బ్యాండ్ 1975లో చేసిన పాటని మళ్ళీ చేసింది, ఆ పాట పాడిన స్టీవెన్ టైలర్, గిటారు వాయించిన జో పెర్రీ కూడా స్టూడియోకి వచ్చారు. అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో అసలు పాట పదో స్థానం దాకా వెళ్తే, కొత్తది నాలుగుకి వెళ్ళింది, చల్లబడిపోయిన ఏరోస్మిత్ మళ్ళీ లేచింది. అక్కడ పాతవాళ్ళు మొదట్లో ఓ ముక్క వాయించి పక్కకి తప్పుకోలేదు, పల్లవి వాళ్ళదే, గిటారు వాళ్ళదే. 1988లో విడుదలైన ఓ పాటని యూ2 బ్యాండ్ బ్లూస్ పెద్దాయన బి.బి. కింగ్‌తో చేసినప్పుడు, తను కార్డులు వాయించనని ఆయన ముందే చెప్పేశారు, ఆ పని బ్యాండ్ చూసుకుంది, ఆయన తనకొచ్చిన ఒంటి తీగ పలుకులే పలికించారు. పెద్దాయన చేయలేనిదాన్ని ఆయన చేత చేయించకపోవడం అరేంజ్‌మెంట్‌లో మొదటి మెట్టు.

మన దగ్గర చాలా వీడియోల్లో వరస తలకిందులుగా ఉంటుంది. ముందు ట్రాక్ మొత్తం అయిపోతుంది, ఖాళీ ఉన్న చోట పెద్దాయన్ని ఇరికిస్తారు. తంబురా మీద, మెత్తటి తాళం మీద ఆయన చేత పాట మొత్తం ముందు వాయించుకుని, ఆయన నడకనే కొలిచి దానికి డ్రమ్స్ కట్టుకుంటే పని రెట్టింపవుతుంది, నిజమే. పాట కూడా ఆ రెట్టింపులోనే ఉంటుంది. బెంగళూరు బ్యాండ్ అగం లాంటివాళ్ళకి ఈ బేరం బ్యాండ్ లోపలే తేలిపోతుంది, ఎందుకంటే పాడేవాడే సంగీతం నేర్చినవాడు. సంగీతం బయటినుంచి అతిథిగా వచ్చినప్పుడే ఎవరు ఎవరికోసం జరగాలన్న ప్రశ్న పుడుతుంది.

పాట ఎవరిది?

ఇక్కడ గందరగోళం మరీ ఎక్కువ. పాతది కాబట్టి అందరిదీ అనుకోవడం మామూలే, చట్టం మాత్రం ముక్కలుముక్కలుగా చూస్తుంది. సాహిత్యం ఒకరి హక్కు, బాణీ ఇంకొకరిది, రికార్డింగ్ మూడోవాళ్ళది. రాసినవాళ్ళు పోయిన తర్వాత అరవయ్యేళ్ళు సాహిత్యం మీద హక్కు ఉంటుంది, రికార్డింగ్ మీద విడుదలయ్యాక అరవయ్యేళ్ళు. 1960లో విడుదలైన రికార్డింగ్ హక్కు 2020తో తీరిపోయినా అందులో సాహిత్యం ఇంకా హక్కులో ఉండొచ్చు. పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టిన కృష్ణశాస్త్రి 1980లో పోయారు కాబట్టి ఆయన పాటల సాహిత్యం 2040 చివరిదాకా హక్కులోనే ఉంటుంది. ఏలూరులో ప్లీడరీ చేసిన నండూరి సుబ్బారావు 1957లో పోయారు, ఎంకి పాటల సాహిత్యం 2017తో అందరిదీ అయింది. అయితే ఆ పాటకి తర్వాత ఎవరో కట్టిన బాణీ వాడుకుంటే ఆ బాణీ లెక్క వేరు.

హక్కులో ఉన్న పాటని మళ్ళీ రికార్డ్ చేయడానికి కాపీరైట్ చట్టంలో 31సి అనే దారి ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది దాటి ఐదేళ్ళు కావాలి, ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం యాభై వేల కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి, అన్నిటికన్నా ముఖ్యం పాటని మార్చకూడదు. రాక్ బ్యాండ్ చేసేదే మార్పు కదా. పైగా ఆ వెసులుబాటు సౌండ్ రికార్డింగుకే, వీడియోకి కాదు. అందుచేత చాలామంది అనుమతుల జోలికి పోకుండా యూట్యూబ్‌లో ఎక్కించేస్తారు. హక్కున్న పాటల్ని గుర్తుపట్టే అక్కడి కంటెంట్ ఐడీ వ్యవస్థ బాణీని కూడా పట్టగలదు. మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ చేస్తే ప్రకటనల డబ్బు అటు పోవచ్చు, వీడియోనే ఆపేయొచ్చు, ఒప్పుకుంటే పంచుకోవచ్చు. క్లెయిమ్ వేరు, స్ట్రయిక్ (ఛానల్ మీద పడే హెచ్చరిక) వేరు అన్నది తెలియక ఛానలే పోయిందని టెన్షన్ పడేవాళ్ళూ ఉన్నారు. వేదిక మీద వాయించడానికి లైసెన్స్ సంగతి ఇంకోటి, అది నిర్వాహకులు రచయితలు, సంగీతకర్తల హక్కుల సంఘమైన ఐపీఆర్‌ఎస్ దగ్గర తీసుకోవాల్సింది. 2017లో ఇళయరాజా తన పాటల విషయంలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికే నోటీసు పంపారు. పాడిన గొంతుకే వచ్చిన చిక్కు కాలేజీ బ్యాండుకి రాదనుకోవడం అమాయకత్వం.

మేష్టారికి దక్కేది

పెద్దాయనకి ఇచ్చేది ఎక్కువగా శాలువా, సంభావన, వీడియో చివర పేరు. కాగితం ఉండదు. వాయించినవాడికి తన ప్రదర్శన మీద యాభై ఏళ్ళ హక్కు చట్టంలోనే ఉంది. కానీ వీడియో చట్టం దృష్టిలో సినిమా లాంటిదే, అందులో వాయించడానికి రాసిచ్చి ఒప్పుకున్నాక వేరే షరతు లేకపోతే దాన్ని ఆపే హక్కు పోతుంది, వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీ హక్కు మాత్రం మిగులుతుంది. తన ప్రదర్శనని పరువు పోయేలా వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కూడా ఉంది. పిచ్ కరెక్షన్ ఆ కోవలోకి వస్తుందా అన్నది కోర్టులో తేలాల్సిన మాట, ముందే 'నా ట్రాక్ మీద అది వేయొద్దు' అని ఒక వాక్యం రాసుకుంటే కోర్టుదాకా పోనక్కర్లేదు.

రోజుల లెక్క ఇంకోటి. సన్నాయి మేళానికి రాబడంతా ముహూర్తాల మీదే. మాఘంలోనో వైశాఖంలోనో రికార్డింగుకి రమ్మంటే ఆ రోజు పెళ్ళి బయానా పోగొట్టుకుని రావాలి, మొహమాటానికి 'సరే బాబూ, వస్తాను' అంటారు కానీ మనసంతా అక్కడే ఉంటుంది. ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకుంటే మేళం మొత్తం తీరిగ్గా దొరుకుతుంది, రిహార్సల్‌కి రెండు రోజులు అడిగినా ఇస్తారు.

ముందు ముందు

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి నుంచి కోనసీమ దాకా రేవు రేవుకీ వేదికలుంటాయి, బ్యాండ్‌తో పాటు పెద్దవాళ్ళని కలిపి వేదిక ఎక్కించాలన్న ఉత్సాహం నిర్వాహకులకి తప్పక వస్తుంది, ఎందుకంటే సంప్రదాయమూ కుర్రకారూ ఒకే ఐటంలో వచ్చేస్తారు. పబ్లిక్ డొమైన్‌లో (ఎవరి హక్కూ లేకుండా) ఉన్న కీర్తనలు, పదాలు ఎంచుకోవడం పెరగొచ్చు, సంగీతం మీద ప్రేమ ఒక కారణమైతే క్లెయిమ్ భయం ఇంకో కారణం. స్టూడియోలో సర్దుకోగలిగినవి బయట సర్దుకోవడం కష్టం. ఏటిగాలి మైకులో హోరెత్తుతుంది, డ్రమ్స్ మైకుల్లోంచి వీణ పికప్‌లోకి మోత తిరిగొస్తుంది, కింద కూర్చుని వాయించే విద్వాంసుడికి నిలువెత్తు స్పీకర్ల మధ్య తన వాయిద్యమే తనకి వినపడదు. సన్మానాలకి ముప్పావుగంట పోయి సౌండ్ చెక్‌కి ఐదు నిమిషాలు కూడా మిగలని మన సభల పద్ధతిలో ఇది తేలే పని కాదు. మేళాన్నీ బ్యాండ్‌నీ ముందురోజు సాయంత్రమే అదే వేదిక మీదికి పిలిపించి లెవెల్స్ చూడాలంటే, బయానా మాట్లాడేటప్పుడే రెండో రోజు డబ్బు కూడా కలిపి మాట్లాడాలి.